చిన్న విమానములు – ఇంధనపు లెక్క

స్కూటరు ఎక్కి పొరుగూరికి బయలుదేరినాము. నడిదారిలో ఇంజను రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయినది. అప్పుడు మనమేమి చేయుదుము? బండిని ఒక ప్రక్కకు వంచి, ట్యాంకు మూలలో మిగిలిన కాస్త పెట్రోలు ఇంజనుకు అందునట్లు చేసి, మరల తన్ని చూతుము. అప్పటికిని కదలకున్నచో పెట్రోలు బంకు వరకు త్రోసికొని పోవుదుము. చొక్కా చెమటతో తడియును, వేళ మించిపోవును. అంతకు మించిన నష్టమేమియు లేదు.

ఇదే సంగతి నేలకు వెయ్యి మీటర్ల ఎత్తున జరిగినచో ఎట్లుండును? అక్కడ బండిని ఆపుకొనుటకు దారి ప్రక్క చెట్టునీడ లేదు, పెట్రోలు అరువిచ్చు బాటసారి లేడు. ఇంజను ఆగిన క్షణము నుండి విమానము క్రిందికి దిగుచునే ఉండును. ఎక్కడ దిగవలెనో నిర్ణయించుకొనుటకు చోదకునకు కొన్ని నిమిషములే వ్యవధి.

ఇట్టిది ఎన్నడో గాని జరుగదని చదువరులు అనుకొనవచ్చును. అమెరికాలో ప్రమాదములను విచారించు జాతీయ రవాణా భద్రతా మండలి 2017లో ఒక హెచ్చరికను వెలువరించినది. 2011 నుండి 2015 వరకు ఆ దేశములో ఇంధనము విషయమున జరిగిన పొరపాట్ల వలన ఏటా సగటున 50కి పైగా చిన్న విమానములు ప్రమాదములకు గురియైనవని అందు తెలిపినది. వీనిలో నూటికి 95 ప్రమాదములలో మనుష్యుల పొరపాటు ఒక కారణముగా కనబడినది. ఇంధన యంత్రాంగము చెడిపోవుట నూటికి అయిదింట కూడ లేదు. మరియొక వింత ఏమనగా, ఈ చోదకులలో దాదాపు సగము మంది జీతమునకు విమానములు నడపుటకు తగిన పై తరగతి లైసెన్సులు ఉన్నవారే. కనుక ఇది చేతకానివారికి మాత్రమే వచ్చు ఆపద కాదు. లెక్క తెలిసినవారు, ఆ లెక్కను ఒకనాడు వేయక మానినందువలన వచ్చు ఆపద.

ఆ లెక్క యేమో ఇప్పుడు చూతము. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము వచ్చినవారికెల్ల ఇది బోధపడును.

ట్యాంకులు నింపిన చాలదా?

ఎల్లప్పుడు ట్యాంకులు నిండుగా నింపుకొని బయలుదేరిన ఈ బెడదయే ఉండదు గదా అని తోచవచ్చును. కాని విమానమునకు ఇంధనము బరువే, మనుష్యులును బరువే. ఆ రెండును ఒకే తక్కెడలో తూగవలెను.

సెస్నా 172 అను నాలుగు కుర్చీల విమానమును తీసికొందము. 1956లో అమ్మకమునకు వచ్చిన ఈ విమానము ఇంతవరకు 44,000కు పైగా తయారైనది. ప్రపంచములో ఇన్ని తయారైన విమానము మరియొకటి లేదు. దీనిలో 1970ల నాటి ఒక నమూనా మొత్తము బరువు 1,043 కిలోగ్రాములకు మించరాదు. ఖాళీ విమానము బరువు సుమారు 650 కిలోలు. దాని ట్యాంకులలో వాడుకొనుటకు వీలైన పెట్రోలు 151 లీటర్లు. విమానపు పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలో తూగును గనుక దీని బరువు 109 కిలోలు. ఈ రెండును తీసివేయగా మిగిలినది 284 కిలోలు. మనిషికి 75 కిలోల చొప్పున నలుగురు కూర్చున్నచో 300 కిలోలైనది. ఒక్క సంచియైన పెట్టకముందే బరువు 16 కిలోలు మించినది.

కనుక నాలుగు కుర్చీలు నిండినచో ట్యాంకులు నింపరాదు. 16 కిలోల పెట్రోలు తగ్గించుట యనగా 22 లీటర్లు వదలుకొనుట. గంటకు 35 లీటర్లు త్రాగు ఇంజనుకు అది సుమారు 38 నిమిషముల ప్రయాణము. ఈ విధముగా ప్రతి ప్రయాణమునకు ఎంత పెట్రోలు పోయవలెనను ప్రశ్న కొత్తగా పుట్టుచుండును.

పై లెక్కలో "వాడుకొనుటకు వీలైన" అను మాటను గమనింపుడు. ఆ విమానపు ట్యాంకులలో పట్టునది 163 లీటర్లు. కాని అడుగున నిలిచిన 12 లీటర్లు అన్ని భంగిమలలోను గొట్టమునకు అందునను నమ్మకము లేదు. కుండ అడుగున ఉన్న నీరు గరిటెకు రాకపోవుట వంటిదే ఇది. ఆ 12 లీటర్లను లెక్కలోనికి తీసికొనరాదు.

ముల్లు చెప్పునది ఎంత నిజము?

చాల చిన్న విమానములలో పెట్రోలు కొలత చూపు సాధనము మోటారు కారులోని దాని వంటిదే. ట్యాంకులో ఒక బెండు తేలుచుండును. అది పైకి క్రిందికి కదలినపుడు విద్యుత్తు ప్రవహించు తీగలో నిరోధము మారును. దానిని బట్టి చోదకుని ఎదుట ముల్లు తిరుగును. కాని విమానపు ట్యాంకు రెక్కలో అమరియుండును గనుక లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పళ్ళెములో పోసిన నీటిని కొంచెము వంచి చూడుడు. ఒక అంచున లోతుగాను, రెండవ అంచున పొడిగాను కనబడును. విమానము ఒరిగినను, ముక్కు పైకెత్తినను, గాలికి ఊగినను ట్యాంకులో జరుగునది అదే. ముల్లు సున్న చూపునపుడు, విమానము సమముగా పోవుచు, వాడుకొన వీలులేని పెట్రోలు మాత్రమే మిగిలియుండవలెనని నియమము కలదు. నడుమ గీతల దగ్గర ఈ ముల్లును నమ్మి ప్రయాణము సాగించుట తెలివి కాదు.

అందుచేత బయలుదేరకముందు చోదకుడు నిచ్చెన వేసికొని రెక్కపై మూత తీసి, గీతలు గీసిన పుల్లను ట్యాంకులో ముంచి, ఎంతవరకు తడిసినదో చూడవలెను. ఇది సరిగా ఉండుటకు విమానము చదునైన నేలపై నిలిచి ఉండవలెను. తరువాత మూతను గట్టిగా బిగింపవలెను. ఈ చిన్న పనిలో పెద్ద శాస్త్రము కలదు. విమానము ఎగురునపుడు రెక్క పైభాగమున గాలి ఒత్తిడి తగ్గును. విమానమును ఎత్తి నిలుపునది ఆ తగ్గుదలయే. మూత వదులైనచో అదే తగ్గుదల ట్యాంకులోని పెట్రోలును బయటికి పీల్చివేయును. ఇంజను త్రాగని పెట్రోలు ఆకాశము పాలగును.

గాలి చేయు మోసము

ఇప్పుడు అసలైన లెక్కకు వత్తము. మన విమానము గాలిలో గంటకు 200 కిలోమీటర్లు పోవునని, గంటకు 35 లీటర్లు ఖర్చగునని, పోవలసిన ఊరు 600 కిలోమీటర్ల దూరమున ఉన్నదని అనుకొందము. ఈసారి ఇద్దరే ప్రయాణికులు, ట్యాంకులు నిండుగా 151 లీటర్లు.

గాలి లేనిచో ప్రయాణము 3 గంటలు, ఖర్చు 105 లీటర్లు. ఇంజను నడిపించి, నేలపై పోయి, పైకెక్కుటకు అదనముగా 10 లీటర్లు. మొత్తము 115. చేరుసరికి 36 లీటర్లు, అనగా గంటకు పైగా ఎగురుటకు చాలిన పెట్రోలు మిగులును. చోదకుడు నిబ్బరముగా ఉండవచ్చును.

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో గాలి ఎదురు వీచినదనుకొనుడు. ఏటికి ఎదురీదు పడవ వలె విమానము నేల మీది లెక్కలో గంటకు 160 కిలోమీటర్లే సాగును. గాలిలో దాని వేగము మారలేదు, ఇంజను ఖర్చు మారలేదు, మోత మారలేదు. మారినది కాలము. ఇప్పుడు ప్రయాణము 3 గంటల 45 నిమిషములు. ఖర్చు 131 లీటర్లు, పై 10 కలిపి 141. చేరుసరికి మిగులునది 10 లీటర్లు, అనగా 17 నిమిషముల పెట్రోలు. ఎదురుగాలి 50 కిలోమీటర్లైనచో ప్రయాణము సరిగా 4 గంటలు. ఖర్చు 150 లీటర్లు. మిగులునది ఒక్క లీటరు! రెండు నిమిషములకైనను చాలదు.

ఎదురుగాలి 40 నుండి 50కి పెరుగుట వాతావరణ సూచనలో చిన్న తేడా. చోదకునకు అది బ్రతుకునకు చావునకు నడిమి గీత.

పోవునపుడు ఎదురైన గాలి వచ్చునపుడు తోడగును గనుక రెండును చెల్లునని కొందరు భ్రమపడుదురు. అదియు తప్పే. పోవునపుడు గంటకు 160 చొప్పున 3 గంటల 45 నిమిషములు, వచ్చునపుడు 240 చొప్పున 2 గంటల 30 నిమిషములు. మొత్తము 6 గంటల 15 నిమిషములు. గాలి లేనిచో 6 గంటలే. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉందుము, తోడుగాలిలో తక్కువ సేపు ఉందుము. కనుక నష్టము పూర్తిగా తీరదు.

రిజర్వు అనగానేమి?

పాత మోటారు సైకిళ్ళకు రిజర్వు తిప్పు ఉండెడిది. ఇంజను ఆగబోవునపుడు ఆ తిప్పును త్రిప్పినచో ట్యాంకు అడుగున దాచిన పెట్రోలు వచ్చును. ఆ రిజర్వు తనంతట తానే మనలను హెచ్చరించును.

చిన్న విమానములలో సాధారణముగా అట్టి ఏర్పాటు లేదు. అక్కడ రిజర్వు ఉండునది ట్యాంకులో కాదు, చోదకుని లెక్కలో. అమెరికా నియమముల ప్రకారము కంటికి కనబడు వాతావరణములో పగలు ఎగురు విమానము, గాలిని వాతావరణ సూచనలను లెక్కించి, చేరవలసిన చోటికి పోయిన తరువాత ఇంకను 30 నిమిషములు మామూలు వేగముతో ఎగురుటకు చాలిన ఇంధనముతో బయలుదేరవలెను. రాత్రియైనచో 45 నిమిషములు. మబ్బులలో సాధనముల సహాయముతో ఎగురువారు గమ్యమునకును, అవసరమైనపుడు అక్కడి నుండి మరియొక విమానాశ్రయమునకును చేరి, ఆపైన 45 నిమిషములకు చాలినంత ఉంచుకొనవలెను.

మన ఉదాహరణమునకు అరగంట రిజర్వు 17.5 లీటర్లు. 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో మిగులునది 10 లీటర్లే గనుక ఆ ప్రయాణమునకు బయలుదేరనే రాదు. నడుమ ఎక్కడనో దిగి పెట్రోలు పోసికొనవలెను. అరగంట యనగా కనీసపు హద్దు. గమ్యము చేరుసరికి అక్కడ వాన కురియుచుండవచ్చును, మరియొక విమానము దిగుబాటను అడ్డగించి ఉండవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు గంటకు తక్కువ కాకుండ ఉంచుకొనుటయే మేలందురు.

ఖర్చును పెంచు మరియొక కారణము

ఎత్తు పెరిగిన కొలది గాలి పలుచబడును. కార్బ్యురేటరు నుండి వచ్చు పెట్రోలు అదే నిష్పత్తిలో తగ్గదు. అందుచేత మిశ్రమము చిక్కబడును. వంటింటి పొయ్యికి గాలి చాలనపుడు పొగ వచ్చినట్లే, ఇక్కడ పెట్రోలు పూర్తిగా కాలక వ్యర్థమగును. చోదకుని ఎదుట ఎర్ర పిడి ఒకటి ఉండును. దానిని కొంచెము వెనుకకు లాగి మిశ్రమమును పలుచన చేయవలెను. తయారుచేసినవారి పుస్తకములోని ఖర్చు అంకెలు సాధారణముగా ఈ పని చేసినవారికే వర్తించును. చేయుట మరచినందున గంటకు 35కు బదులు 40 లీటర్లు ఖర్చైనదనుకొనుడు. మూడు గంటలలో 15 లీటర్లు పోయినవి. దాచుకొన్న రిజర్వు దాదాపు అంతయు తెలియకుండ కరగిపోయినది.

కొలతల తికమక

ఇంధనమును లీటర్లలో, గాలన్లలో, కిలోలలో, పౌనులలో కొలుచు ఆచారములన్నియు కలవు. అమెరికా గాలను 3.785 లీటర్లు, బ్రిటిషు గాలను 4.546 లీటర్లు. 40 గాలన్లు అన్నపుడు ఏ గాలనో తెలియకున్నచో తేడా 30 లీటర్లకు పైబడును. మన విమానమునకు అది ముప్పావు గంటకు మించిన ప్రయాణము.

ఈ తికమక పెద్ద విమానమును సైతము దింపినది. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగు 767కు 22,300 కిలోల ఇంధనము కావలసి ఉండెను. కొలత చూపు యంత్రము చెడినందున పుల్లతో కొలిచిరి. ట్యాంకులలో 7,682 లీటర్లున్నట్లు తేలెను. లీటర్లను కిలోలుగా మార్చుటకు సుమారు 0.8తో గుణింపవలసి ఉండగా, 1.77తో గుణించిరి. అది లీటరు బరువును పౌనులలో చెప్పు అంకె. ఫలితముగా సుమారు 20,000 లీటర్లు పోయవలసిన చోట 4,900 లీటర్లే పోసిరి. విమానము 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంధనము చాలక ఇంజన్లు రెండును ఆగినవి. చోదకుడు రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడపిన అలవాటు ఉండుటచే, గిమ్లీ అను చోట వాడుక మాని మోటారు పందెములకు ఉపయోగించుచున్న పాత దిగుబాటపై దానిని దింపగలిగెను. లోపలనున్న 69 మందియు బ్రతికిరి. గుణకారములో ఒక్క అంకె తప్పు!

ఉండియు అందని ఇంధనము

ఇంధనము పూర్తిగా అయిపోవుట ఒకటి, ట్యాంకులో ఉండియు ఇంజనుకు అందకపోవుట మరియొకటి. పైన చెప్పిన హెచ్చరికలో మొదటిది నూటికి 56, రెండవది నూటికి 35 అని లెక్క.

రెక్కలు పైన ఉండు సెస్నా 172లో పెట్రోలు తన బరువు చేతనే రెండు ట్యాంకుల నుండియు క్రిందికి దిగును. పైపరు చెరొకీ వంటి, రెక్కలు క్రింద ఉండు విమానములలో పంపు పీల్చవలెను. రెండు ట్యాంకులను ఒకేసారి తెరచినచో, ముందుగా ఖాళీయైన ట్యాంకు నుండి పంపు గాలిని పీల్చును. కనుక అక్కడ తిప్పునకు కుడి, ఎడమ అను స్థానములే ఉండును. చోదకుడు కొంతసేపటికొకసారి దానిని మార్చుచుండవలెను. మరచినచో ఒక ట్యాంకు నిండుగా ఉండగనే ఇంజను ఆగిపోవును.

పేరుపొందిన గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరమున తన లాంగ్ ఈజీ అను చిన్న విమానము సముద్రములో కూలి మరణించెను. దానిని ఇంటివద్ద నిర్మించినవాడు ఇంధనపు తిప్పును నమూనాలో చూపిన చోట కాక, చోదకుని ఎడమ భుజము వెనుక అమర్చెను. బయలుదేరకముందు పెట్రోలు పోయుదుమన్నచో డెన్వర్ అక్కరలేదనెను. గాలిలో ట్యాంకు మార్చుటకు వెనుకకు తిరిగినపుడు కాలు చుక్కాని మీటను నొక్కినందున విమానము అదుపు తప్పినదని విచారణలో నిర్ణయించిరి. చేతికందని తిప్పు, చాలీచాలని పెట్రోలు – రెండును కలిసినవి.

గడియారమే మంచి కొలబద్ద

1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్కు నుండి పారిసుకు ఒంటరిగా ముప్పదిమూడున్నర గంటలు ఎగిరెను. అతని విమానములో పెట్రోలు కొలత చూపు సాధనమే లేదు. గంటకెంత ఖర్చగునో అతనికి తెలియును, చేతిలో గడియారమున్నది. గంటలు గడచిన కొలది ఎదుటి పలకపై పెన్సిలుతో గీతలు గీయుచు, అయిదు ట్యాంకులను వంతుల వారీగా వాడుకొనెను. 450 గాలన్లతో బయలుదేరిన ఆయన పారిసులో దిగుసరికి 85 గాలన్లు మిగిలియుండెను. ముల్లు లేకున్నను లెక్క ఉన్నది. నేడు కొన్ని విమానములలో ఖర్చును క్షణక్షణము చూపు సాధనములు అమర్చుచున్నారు. కాని మొదట ట్యాంకులో ఎంతయున్నదో మనిషియే చెప్పవలెను. తప్పు చెప్పినచో యంత్రమును ఆ తప్పునే చూపును.

గాలిలో అరగంటకొకసారి చోదకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎంత ఖర్చైనది? ఎంత మిగిలినది? ఇప్పటి వేగముతో గమ్యమునకు ఇంకెంత కాలము? ఈ మూడింటిలో రిజర్వు తరుగునట్లు కనబడినచో, దగ్గరి విమానాశ్రయములో దిగవలెను. రేడియోలో చెప్పుటకు సంకోచింపరాదు. ఇక ఆలస్యమైనచో రిజర్వు తరుగునన్నపుడు "మినిమమ్ ఫ్యూయల్" అని, తరుగుట నిశ్చయమైనపుడు "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అని తెలుపవలెనని అంతర్జాతీయ నియమములు ఏర్పడినవి.

ఇంజను ఆగినంత మాత్రమున విమానము రాయి వలె పడదు. సెస్నా 172 వంటిది వెయ్యి మీటర్ల ఎత్తు నుండి, గాలి లేనిచో, సుమారు 9 కిలోమీటర్లు జారుచు పోగలదు. ఆ 9 కిలోమీటర్లలో చదునైన పొలమున్నచో ప్రాణములు దక్కును. ఊరో అడవియో ఉన్నచో చెప్పలేము.

ఇంత తెలిసినవారు మధ్యలో దిగక ముందుకు పోవుటెందుకు? ఇంటి దీపములు కనబడుచున్నవి, ఇంక పది నిమిషములే గదా అను ఆశ. నడుమ దిగినచో చిన్నతనమను అభిమానము. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా మోసిన చిన్న విమానము నడిదారిలో అహమదాబాదున దిగినది. ఎద్దుల బండిపై తెచ్చిన డబ్బాల పెట్రోలు పోసికొని మరల లేచినది. ఆ టపా నాడే బొంబాయి చేరినది. అక్కడి నుండి మరియొక చోదకుడు దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినాడు. మజిలీలో దిగినందున ఆ ప్రయాణమునకు చిన్నతనము రాలేదు.

ట్యాంకులో పెట్రోలును లీటర్లలో కొలుతుము. కాని చోదకుడు దానిని నిమిషములలో చదువవలెను. ఎన్ని లీటర్లున్నవని కాక, ఎన్ని నిమిషములున్నవని అడుగుట అలవడినవానికి ఆకాశమున ఈ ఆపద తటస్థించుట అరుదు.